విప్పిన యంత్రం చెప్పే చరిత్ర: ఒక యుద్ధకాలపు మోటారు సైకిలు

తామ్రశాసనాలను పరిశీలించే పండితులు తమ వ్యాసాలలో ఒక చిన్న సంగతిని తప్పక నమోదు చేస్తారు. రేకులను గుచ్చి ఉంచిన ఉంగరం తమ చేతికి వచ్చేనాటికే కోయబడి ఉన్నదా, లేక ముద్రలు తీయడం కోసం తామే కోయించారా అన్నదే ఆ సంగతి. వేంగీ చాళుక్యుల శాసనాల మీద వెలువడిన పరిశోధనలు చదివినవారికి ఈ వాక్యం సుపరిచితమే. వరాహ లాంఛనం గల రాజముద్ర ఆ ఉంగరానికే అతికి ఉంటుంది. ఉంగరం చెక్కుచెదరనంత కాలం లోపలి రేకులు మారలేదనడానికి అదే సాక్ష్యం. కోయనిదే రేకులను విడదీసి సరిగా చదవడం సాధ్యం కాదు. కోస్తే ఆ సాక్ష్యం పోతుంది. అందుచేతనే, కోసిన సంగతిని కాగితం మీద పెట్టడం ఆ శాస్త్రంలో ఒక మర్యాదగా స్థిరపడింది.

పాత యంత్రాన్ని విప్పడం కూడా ఇటువంటి పనే అని నాకు ఆలస్యంగా తెలిసింది. బిగించి ఉన్నంత కాలం యంత్రం లోపలి చరిత్ర ఎవరికీ కనబడదు. విప్పితే కనబడుతుంది; కాని విప్పే చేతులే అందులో కొంత భాగాన్ని చెరిపివేస్తాయి. సికింద్రాబాదులో ఒక యుద్ధకాలపు మోటారు సైకిలును పునరుద్ధరణ కోసం ఊడదీస్తున్నప్పుడు, నెలన్నరపాటు ఆదివారాలు దగ్గర ఉండి చూసే అవకాశం నాకు కలిగింది. బండి నా మిత్రుని కుటుంబానిది. చరిత్ర చదివినవాడినని, కాగితాల పని చేతకానివాడిని కానని, విడిభాగాల జాబితా రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఆ జాబితాయే ఈ వ్యాసానికి మూలం.

ఆ బండి బి.ఎస్.ఏ. ఎం-20. మన దేశంలో బి.ఎస్.ఏ. అనగానే సైకిలు గుర్తుకు వస్తుంది. 1949లో మద్రాసులో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ సంస్థ ఆ పేరుతో తయారుచేసిన సైకిళ్ళ మీద తరాల పిల్లలు బడికి వెళ్ళారు. ఆ మూడక్షరాలు ‘బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్’ అన్న మాటలకు సంక్షేపమని, అది మొదట తుపాకుల కంపెనీ అని తెలిసినవారు తక్కువ. 1861లో బర్మింగ్‌హామ్ నగరపు తుపాకీ పనివారు కలిసి దానిని స్థాపించారు. మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ దాని వ్యాపార చిహ్నం. తరువాత సైకిళ్ళు, 1910 నుంచి మోటారు సైకిళ్ళు అదే కర్మాగారంలో తయారయ్యాయి.

వాల్ పేజ్ అనే రూపశిల్పి కల్పించిన ఎం-20 నమూనా 1937లో మార్కెట్టుకు వచ్చింది. 496 సి.సి. సామర్థ్యం గల ఒకే సిలిండరు. సుమారు 13 అశ్వశక్తి. బరువు రమారమి 165 కిలోలు. వెనుక చక్రానికి స్ప్రింగుల ఊసే లేదు. జీను కింద ఉన్న రెండు స్ప్రింగులే నడిపేవాడి నడుముకు రక్ష. బరువెక్కువ, వేగం తక్కువ, నేలకు ఎత్తు చాలదు అని సైనికులు సణుక్కున్న బండి ఇది. అయినా యుద్ధకాలంలో సైన్యానికి 1,26,000కు పైగా ఎం-20లు సరఫరా అయ్యాయి. కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. దీని వాల్వులు సిలిండరు తలమీద కాక పక్కన ఉంటాయి. అందువల్ల సిలిండరు హెడ్డు కేవలం ఒక మూత. దారి పక్కన చెట్టు కింద కూర్చుని, ఆ మూత తీసి, మసి గీకి, మళ్ళీ బిగించవచ్చు. నాసి పెట్రోలుతో కూడా నడుస్తుంది. యుద్ధంలో అందమైన యంత్రం కంటె, అర్ధశిక్షితుడైన సైనికుడు బాగుచేసుకోగల యంత్రం విలువైనదని అధికారులకు అప్పటికే తెలుసు.

దానిని తయారుచేసినవారూ యుద్ధంలోనే ఉన్నారు. 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ విమానాలు స్మాల్ హీత్‌లోని కర్మాగారంపై బాంబులు వేసినప్పుడు, రాత్రి పనిలో ఉన్న 53 మంది కార్మికులు మరణించారు. 

ఈ బండ్లు మన దేశానికి సైన్యంతో వచ్చాయి. 1939లో సుమారు 2 లక్షలుగా ఉన్న భారత సైన్యం 1945 నాటికి దాదాపు 25 లక్షలకు పెరిగింది. అంత సైన్యానికి ఉత్తర్వులు అందించడం ఒక పెద్ద పని. టెలిఫోను తీగ తెగిన చోట, వైర్‌లెస్‌లో చెప్పరాని సంగతులున్న చోట, పటాలు, ఉత్తర్వులు తోలుసంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద వెళ్ళే వార్తాహరులను ‘డి.ఆర్.’లు అనేవారు. 1911లో ఏర్పడి జబల్పూరు కేంద్రంగా వృద్ధి చెందిన సిగ్నల్స్ దళానికి వారు ప్రాణం వంటివారు. గణతంత్ర దినోత్సవ కవాతులో మోటారు సైకిళ్ళపై విన్యాసాలు చేసే బృందాలలో ఒకటి ఆ దళానిదే. బర్మా సరిహద్దు కొండల బురదలో మాత్రం జీపు, కంచరగాడిద చేసినంత సేవ మోటారు సైకిలు చేయలేదు. దాని ఉపయోగమంతా వెనుకనున్న శిబిరాలు, డిపోలు, రైల్వే కూడళ్ళ మధ్యనే.

యుద్ధం ముగిశాక మిగులు సామగ్రిని అమ్మడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా డిస్పోజల్స్ విభాగాన్ని నడిపింది. లారీలు, జీపులు, గుడారాలు, పారాచూటు గుడ్డ, బూట్లు, టార్చిలైట్లు వేలానికి వచ్చాయి. ‘డిస్పోజల్’ అనే మాట తెలుగులో ఒక విశేషణమైపోయింది: డిస్పోజల్ లారీ, డిస్పోజల్ కోటు. మన జిల్లాలలో తొలినాటి బస్సు సర్వీసులు, రైసు మిల్లుల రవాణా చాలావరకు ఈ డిస్పోజల్ బండ్ల మీదనే సాగాయి. ఆర్థిక చరిత్రకారులు ఈ అధ్యాయంపై తగినంత శ్రద్ధ చూపలేదని నా అభిప్రాయం. సైన్యం వదిలిన ఇనుము పల్లెకు ఇంజనీరింగు నేర్పింది.

నేను చూసిన బండి కూడా అలాగే గోదావరి డెల్టాలోని ఒక రైసు మిల్లుకు చేరింది. మిత్రుని తాతగారు దానిని వేలంలో కొన్నారు. బండి బర్మా యుద్ధంలో పాల్గొన్నదని, కొహిమా దాకా వెళ్ళి వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. తాతగారు దాని మీద పొలాలు తిరిగారు, మిల్లు లెక్కలు చూసుకున్నారు. ఆయన తరువాత తండ్రిగారు కొంతకాలం నడిపారు. 1970ల చివర ధాన్యపు కొట్టులో ఒక మూల నిలిపివేశారు. మిత్రుని కుమారుడు ఇంజనీరు. అతని సంకల్పం స్పష్టం: బండిని 1942లో కర్మాగారం నుంచి వెలువడినట్టుగా, సైనిక వర్ణంలో, మెరిసేలా తయారుచేసి పాత వాహనాల ప్రదర్శనలో పెట్టాలి.

పని ఒప్పుకున్నది సికింద్రాబాదు పాత మెకానిక్కులలో ఒకరు. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. కుర్రతనంలో ఆయనకు పని నేర్పినవాడు ఈ.ఎం.ఇ. నుంచి రిటైరైన ఒక హవల్దారు. సైన్యపు యంత్రాలను బాగుచేసే ఆ దళం 1943లో ఏర్పడింది; దాని కళాశాల మన తిరుమలగిరిలోనే ఉన్నది. నగరంలో ఒక తరం మెకానిక్కులకు అదే పరోక్ష విశ్వవిద్యాలయం. మొదటి ఆదివారం పానాలపెట్టె తెరుస్తూ ఉస్తాద్ అన్నమాట నా జాబితాలో మొదటి పేజీన రాసుకున్నాను: “సార్, తాళం వేసిన ఇంట్లకు పోతున్నం. తొందరపడితే తలుపే ఇరుగుతది.”

తొందర మొదటి రోజునే జరిగింది. నేను వెళ్ళేసరికి ఒక శిష్యుడు పెట్రోలు ట్యాంకు ఊడదీసి, కుడిపక్కను ఎమ్రీ కాగితంతో రుద్ది, మెరిసే రేకు దాకా తెచ్చాడు. ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు, తుప్పు గీకడం ఆ పాకలో రోజూ జరిగే పని. నేను ఒక గంట ముందు వెళ్ళవలసినది. ఎడమపక్క మిగిలింది. దానిని తడిపి, సన్నని కాగితంతో, రూపాయి బిళ్ళంత మేర, ఒక్కొక్క పొరగా రుద్దించాను. పైన మిల్లువారి ఎరుపు. దాని కింద ముదురాకుపచ్చ. దాని కింద మట్టిరంగు. ఆ తరువాత రేకు.

ఈ మూడు పొరలు మూడు కాలాలు. యుద్ధారంభంలో బ్రిటిష్ సైనిక వాహనాలకు ఖాకీ కలిసిన ఆకుపచ్చ వేసేవారు. ఆకుపచ్చకు కావలసిన క్రోమియం ఆక్సైడు కొరత ఏర్పడడంతో, 1941 తరువాత మట్టిరంగు ప్రవేశించింది. 1944లో మళ్ళీ ఆకుపచ్చ వచ్చింది; ఈసారి అమెరికా వాహనాల రంగుకు సరిపోయే ముదురు ఛాయ. కనుక మట్టిరంగుతో పుట్టి, దానిపై ముదురాకుపచ్చ వేయించుకున్న ఈ బండి, యుద్ధపు చివరి దశలో ఏదో ఒక సైనిక వర్క్‌షాపు గుండా వెళ్ళి ఉండాలని ఊహించవచ్చు. కొహిమాకు వెళ్ళిందా? రంగు ఆ మాట చెప్పదు. నేను ఆ ఇంటివారికి చెప్పలేకపోయిన సంగతులలో ఇదొకటి.

ఆకుపచ్చ పొరలో ‘సి’ అనే ఆంగ్లాక్షరం, దాని పక్కన నాలుగు అంకెలు బయటపడ్డాయి. సైనిక మోటారు సైకిళ్ళకు ‘సి’తో మొదలయ్యే ఏడంకెల గుర్తింపు సంఖ్య ట్యాంకుకు రెండుపక్కలా రాసేవారు. ఎడమపక్కన చివరి మూడంకెలు ఎప్పుడో సొట్టపోయి రాలిపోయాయి. అవి కుడిపక్కన ఉండి ఉండవచ్చు. కుడిపక్క అప్పటికే ఎమ్రీ పొడిగా మారి నేల మీద ఉన్నది. ఉంగరం కోసిన సంగతి కాగితం మీద పెట్టాలని నాకు ఆ రోజే తోచింది.

కాలిపీటల దగ్గర మరొక సాక్ష్యం దొరికింది. సాధారణంగా మోటారు సైకిలు కాలిపీటలకు రబ్బరు తొడుగు ఉంటుంది. ఈ బండి పీటలు ఉత్త ఇనుము. పాదం జారకుండా గరుకు గాట్లు పెట్టి ఉన్నాయి. వాటి మీద పాత టైరు ముక్కలు కోసి, రాగితీగతో కట్టి ఉన్నాయి. మన టైరు చెప్పులు కుట్టేవాడి పనితనమే. టైరు ముక్కలు మిల్లు కాలానివి. కాని ఇనుప పీటలు బర్మింగ్‌హామ్‌వే. 1941 డిసెంబరులో జపాను మలయాపై దండెత్తింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. ప్రపంచపు సహజ రబ్బరులో అత్యధిక భాగం పండే తోటలన్నీ కొద్ది నెలలలో శత్రువు వశమయ్యాయి. వెంటనే బ్రిటన్‌లో సైనిక మోటారు సైకిళ్ళ నుంచి, టైర్లు తప్ప తక్కిన రబ్బరును వీలైనంత తొలగించారు. చేతిపిడులకు కాన్వాసు గుడ్డ వచ్చింది. కాలిపీటలు ఉత్త ఇనుమయ్యాయి. మోకాలు మెత్తలు పోయాయి.

ఆ రబ్బరు తోటలలో పాలు గీసినవారిలో మనవారున్నారన్నది ఇక్కడ గుర్తు చేసుకోవలసిన విషయం. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వేలాది తెలుగు కూలీలు మలయా తోటలకు వలస వెళ్ళారు. జపాను ఆక్రమణలో తోటల పని ఆగిపోయాక, తమిళులతోపాటు వారిలోనూ అనేకులను సయాం-బర్మా రైలుమార్గపు నిర్మాణానికి తరలించారు, తిరిగి రానివారెందరో. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన రోజులవి. గోదావరి డెల్టాలోని మిల్లుకు చేరిన బండి కాలిపీటకు రబ్బరు ఎందుకు లేదని అడిగితే, జవాబు సముద్రానికి ఆవల, ఆ జిల్లాల మనుషులే పనిచేసిన తోటలలో దొరుకుతున్నది. జాబితాలో నేను రాసింది మాత్రం ‘కాలిపీటలు, రెండు, ఇనుము, రబ్బరు లేనివి’ అని.

ఆపైన విద్యుత్ పరికరం వంతు. లూకాస్ సంస్థ తయారుచేసిన ‘మాగ్‌డైనో’లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, దీపానికి కరెంటునిచ్చే డైనమో ఒకే దేహంలో జతపడి ఉంటాయి. ఈ ఒక్క పరికరం వెనుక ఒక పాత అవమానం ఉన్నది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటన్ తన మాగ్నెటోలకు దాదాపు పూర్తిగా జర్మనీలోని బాష్ కంపెనీ మీద ఆధారపడి ఉండేది. శత్రువు నుంచి కొనవలసిన వస్తువును తామే చేసుకోవడం ఆ యుద్ధం నేర్పింది. మన బండి మాగ్నెటో చుట్ట విప్పితే, లోపల నల్లగా కరిగి గడ్డకట్టిన పదార్థం కనిపించింది. “ఇది ఎండకు కారుతది సార్. ఎండకాలం బండి వేడెక్కినంక స్టార్ట్ కాదు” అన్నాడు ఉస్తాద్. అది షెల్లాక్, అనగా మన లక్క. తీగలకు విద్యున్నిరోధక పూతగా వాడిన లక్కలో అత్యధిక భాగం ప్రపంచానికి ఛోటానాగపూరు ప్రాంతపు అడవుల నుంచే వెళ్ళేది. గిరిజనులు చెట్ల కొమ్మల నుంచి గీకిన లక్క కలకత్తా మీదుగా విదేశాలకు పోయి, మాగ్నెటోలలో చేరి, మళ్ళీ ఈ దేశపు ఎండలోనే కరిగిందన్నమాట. భారతం చదివినవారికి లక్క వేడిమికి నిలవదని వేరే చెప్పనక్కరలేదు.

నట్లు, బోల్టుల దగ్గర మాకు ఎక్కువ ఆదివారాలు పట్టాయి. ఇంగ్లీషు పానా మీద రాసి ఉన్న అంకె దాని నోటి వెడల్పు కాదు. అది పట్టే బోల్టు కాండపు వ్యాసం. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరచుట్లకు ఒక ప్రమాణం ప్రతిపాదించిన నాటి నుంచి వచ్చిన పద్ధతి అది. దానికి తోడు, సైకిలు పరిశ్రమ తనదైన మరో ప్రమాణం పెట్టుకున్నది: అంగుళానికి 26 చుట్లు గల సన్నని మర. ఈ బండిలో ఎక్కువ భాగం ఆ సన్నని మరలే. నేటి పానాలు వీటికి సరిపడవు. బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. గుండ్రమైన నట్లు మాకు చాలా దొరికాయి.

ఒక్కొక్క నట్టును ఉస్తాద్ వేలితో తడిమి రెండు డబ్బాలలో వేసేవాడు. “ఇది ఇంగ్లీషోనిది. ఇది మనోనిది.” ఆయనకు మనోడిదంటే మిల్లీమీటరు కొలత నట్టు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా దేశాన్ని అడుగుల నుంచి మీటర్లకు మళ్ళించాము. కార్యాలయాలలో ఆ మార్పు ఒక ఉత్తర్వు. పల్లె మెకానిక్కుకు అది వేరే సంగతి: పాత బోల్టుకు కొత్త నట్టు పట్టదు, పాతది బజారులో దొరకదు. దిగుమతులు బిగుసుకున్న ఆ దశాబ్దాలలో ఆయన మిల్లీమీటరు నట్టును అంగుళాల బోల్టుకు నూనె వేసి బలవంతంగా ఎక్కించాడు. అది ఎక్కింది, తన దారి తానే కోసుకుంటూ. మా లెక్క ముగిసేసరికి రెండో డబ్బా నిండింది.

ఇంజను సంఖ్య, చట్రం సంఖ్య రెండింటికీ ముందు ‘డబ్ల్యు.ఎం.20’ అని ఉన్నది. ఆ రెంటి వరుసలు మాత్రం ఒకదానికొకటి చాలా దూరం. సైనిక వర్క్‌షాపులలో ఇది మామూలే. డజన్ల బండ్లను ఒకేసారి విప్పి, ఇంజన్లు ఒకవైపు, చట్రాలు ఒకవైపు బాగుచేసి, సిద్ధమైనదానిని సిద్ధమైనదానికి బిగించి పంపేవారు. కాబట్టి ‘ఈ బండి’ అని మనం వేలు చూపే వస్తువు సైన్యంలో ఉన్నప్పుడే కనీసం రెండు బండ్లు.

ఇంజను విప్పిన రోజు ఇంటివారందరూ వచ్చారు. హెడ్డు తీస్తే పిస్టన్ మీద దళసరి మసి. పిస్టన్ ఈ బండిది కాదు. మరేదో వాహనానిది, అంచులు ఆకురాయితో అరగదీసి సరిపెట్టారు. ఏ వాహనానిదో ఉస్తాద్ కూడా తేల్చలేకపోయాడు. ఒక బుష్షు లేతు మీద చేసిన కంచుది, నాణ్యమైన పని. మరొకటి తొందరలో చేసినది. చేతివాటం బట్టి వారు ఇద్దరు వేరు మనుషులని ఆయన తీర్పు. వారి పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

టైమింగు పళ్ళచక్రాల మూత దగ్గర ఉస్తాద్ కత్తితో పాత గ్యాస్కెట్టు గీకుతున్నాడు. చమురు కారకుండా మూతకు, ఇంజనుకు మధ్య పెట్టే కాగితపు పట్టీ అది. ప్రతిసారీ గీకి పారేసి కొత్తది కోస్తారు. సగం గీకాక, కింద పడిన ముక్క మీద అచ్చు అక్షరాలు కనిపించి ఆపమన్నాను. ముదురు గోధుమవర్ణానికి మారి, చమురు పట్టిన కాగితం. అంగుళం కంటె తక్కువ వెడల్పు. ‘సర్వే నం’ అన్న ముక్క, కొంత దూరంలో ‘పైరు’ అన్న మాట, గళ్ళ గీతలు. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళున్నవాడిని, అడంగల్ ఫారాన్ని గుర్తుపట్టలేనా? ఎవరో కరణంగారి పాత కాగితం తూకానికి వెళ్ళి మిల్లుకు చేరి ఉంటుంది. గ్రామ రికార్డుల భద్రత గురించి నేనిక్కడ ఏమీ అనబోవడం లేదు. చివరి ముక్క మీద సిరాతో రాసిన అంకెలు: 1368, దానికి ముందు ‘ఫ’ అనే అక్షరం. చేతిరాత సిరా నీటికి కరుగుతుంది గాని చమురుకు కరగదు, అందుకే నిలిచింది.

ఫసలీ 1368 అంటే 1958 జూలై నుంచి 1959 జూన్ వరకు. ఆ ఫారం చెల్లని కాగితమయ్యాక గాని గ్యాస్కెట్టు కాలేదు కనుక, ఆ మూత చివరిసారి బిగించింది 1959కి ముందు కాదు. మూత వెనుక చమురు పంపును తిప్పే వార్మ్ నట్టు ఉన్నది. దానికి ఎడమ మర ఉంటుంది, అంటే అన్ని నట్లలా కాక తిరగవేసి విప్పాలి. నట్టు అంచుల మీద ఒక దిక్కున ఉలి దెబ్బలు లోతుగా, ఎదుటి దిక్కున తేలికగా ఉన్నాయి. ఉస్తాద్ వాటిని చాలాసేపు చూశాడు. “పాపం, బుక్కు లేకుండ ఇప్పిండు సార్. మొదలు అందరి లెక్కనే తిప్పిండు, గట్టిగ కొట్టిండు. రాలె. తర్వాత సమజైంది.” ఉలి దెబ్బలు చెప్పినది ఆయన తెలుగులో అంత స్పష్టంగా వినిపించింది. ముద్రిత పుస్తకం లేని ఒక మనిషి, 1959 తరువాత ఎప్పుడో ఒక రోజు, గోదావరి గట్టున ఎక్కడో, బర్మింగ్‌హామ్ రహస్యాన్ని ఉలితో కనుక్కున్నాడు.

ఈ స్థితిలో అసలు ప్రశ్న వచ్చింది. పునరుద్ధరణ అంటే దేనిని పునరుద్ధరించడం? ఇంజనీరు కుమారుడు నిబంధన చూపించాడు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, యాభై ఏళ్ళు దాటిన వాహనాలను ‘వి.ఏ.’ అక్షరాలతో ప్రత్యేకంగా నమోదు చేస్తారు. వాహనం మూలరూపంలో ఉండాలి; చట్రంలో, దేహంలో, ఇంజనులో గణనీయమైన మార్పు జరగకూడదు. అందుచేత ఎరుపు గీకి మట్టిరంగు వేయాలి, తెలుగువారి పిస్టన్ తీసి ఇంగ్లీషు పిస్టన్ తెప్పించాలి అన్నది అతని వాదం. నియమం రాసినవారి ఉద్దేశం సమంజసమే. పాత పేరు మీద కొత్త బండ్లు తయారుకాకుండా అరికట్టడం. కాని ‘మూలరూపం’ అనే మాట ఈ బండి ముందు తడబడుతుంది. రెండు బండ్ల నుంచి సైన్యమే కూర్చినదానికి మూలమేది? మట్టిరంగా, ముదురాకుపచ్చా?

కట్టడాల విషయంలో ఈ చర్చ పాతది. 1964 నాటి వెనిస్ పత్రం, ఒక కట్టడానికి అన్ని కాలాలలో చేరిన విలువైన చేర్పులను గౌరవించాలని, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని నిర్దేశించింది. వాహనాలకు ఇటువంటి సూత్రాలనే చెప్పే ట్యూరిన్ పత్రాన్ని పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013 నుంచి పాటిస్తున్నది. మన 1972 నాటి పురావస్తు చట్టం దృష్టిలో మాత్రం నూరేళ్ళు నిండని మోటారు సైకిలు పురావస్తువు కాదు. దానికి రక్షణ యజమాని విచక్షణ ఒక్కటే.

నా పక్షం నేను దాచలేదు. అరిగిన బేరింగు మార్చవలసిందే. నడవని బండి ఇనుపసామాను. కాని పైరంగు కింద ఏమున్నదో చూశాక, దానిని గీకి వేసే హక్కు మనకు సులభంగా రాదు. 1942 మట్టిరంగు వేసిన ఎం-20లు ప్రపంచంలో అనేకం ఉన్నాయి. వాటి పెట్టె మీది రంగు అంకె కూడా పుస్తకాలలో దొరుకుతుంది. మిల్లు ఎరుపు వేసినది ఇదొక్కటే. ఉస్తాద్ నా మాట విని నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు ఇంజను నడవాలి. రంగు సంగతి యజమానిది. అతని కుర్రవాడికి మాత్రం నా వాదం పూర్తిగా నచ్చలేదు. “పరేడ్‌లో ఎర్ర బండి పెడితే ఎవరైనా చూస్తారా అంకుల్?” అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం నాకూ కష్టమే.

తీర్పు చెప్పినది మిత్రుని తల్లిగారు. ఆవిడ ఇంజను విప్పిన రోజు ఒక కుర్చీలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా అన్నీ చూశారు. ట్యాంకు ఎడమపక్కన, ఎరుపు మీద తెల్లరంగుతో చేతిరాతగా ‘శ్రీరామ’ అనే మూడక్షరాలున్నాయి. “అవి మా మామగారు రాసుకున్నవి. కొత్త బండికొన్న రోజున నేను కాపురానికి రాలేదు గాని, ఆ అక్షరాలు దిద్దుతుంటే చూశాను. ఆ డబ్బా అలాగే ఉంచండి నాయనా, మిగతాది మీ ఇష్టం” అన్నారు.

కనుక ఏర్పాటు ఇలా కుదిరింది. జుమ్మేరాత్ బజారులో రెండు నెలలు వెతికి మరొక ట్యాంకు సంపాదించారు. దానికి మట్టిరంగు వేశారు. పిస్టన్ కొత్తది తెప్పించారు. పాత పిస్టన్, ఇద్దరు అజ్ఞాతుల బుష్షులు, టైరుముక్కల కాలిపీట తొడుగులు, రెండు డబ్బాల నట్లు, ఒక్కొక్కదానికి గుడ్డపీలికతో కట్టిన సంఖ్యతో, ఒక ట్రంకుపెట్టెలో పెట్టారు. నా జాబితా ప్రతి ఒకటి అందులో ఉన్నది; కుడిపక్క ట్యాంకు రంగు పరీక్షించకముందే తొలగించబడినదని మొదటి పేజీలోనే రాశాను. పాత ట్యాంకు ఇంటి మండువాలో గోడకు ఒక మేకుకు వేలాడుతున్నది. ఎడమపక్క బయటికి.

గ్యాస్కెట్టు ముక్కలు మూడింటిని రెండు అద్దుడు కాగితాల నడుమ పెట్టి నేను తీసుకువచ్చాను. చమురు ఇంకా ఆరలేదు. నెలకొకసారి కాగితాలు మార్చవలసి వస్తున్నది. కొత్త గ్యాస్కెట్టు కోయడానికి ఉస్తాద్ దళసరి కాగితం అడిగినప్పుడు, మా కార్యాలయంలో చెల్లని ఫారాల కట్ట ఒకటి చూశాను గాని, బజారులో కొన్న కాగితమే ఇచ్చాను. దాని మీద ఒక మూల, పెన్సిలుతో, తేదీ వేశాను.